పెట్టెకు గోత్రం అడగడం ఎంతైనా అవసరం

పెళ్లి సంబంధం కుదుర్చుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని పెద్దలు చెప్పినప్పుడు మనలో చాలామందిమి నవ్వుకున్నాం. పిల్లవాడి చదువూ సంపాదనా గుణమూ చూస్తే చాలదా, వాళ్ల తాతగారి పినతండ్రి ఏ ఊరి కరణమైతే మనకెందుకని వాదించాం. ఆ పెద్దలు చెప్పిందే సరైనదని ప్రపంచ దేశాలన్నీ ఆలస్యంగానైనా ఒప్పుకున్నాయని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. సెల్ టవర్ ఎక్కబోయే ఇనుప పెట్టెను ఇప్పుడు ఏ ప్రభుత్వమూ ‘నీకేం వచ్చు, నీలో ఏముంది’ అని అడగడం లేదు. ‘మీదే ఊరు, మీవాళ్లెవరు’ అని అడుగుతోంది. సంబంధం కుదరడమూ తప్పిపోవడమూ ఆ జవాబును బట్టే జరుగుతున్నాయి.

మన దేశంలో ఈ ఆచారానికి శాస్త్రోక్తమైన రూపం 2020 డిసెంబరు 16న వచ్చింది. టెలికాం రంగానికి సంబంధించిన జాతీయ భద్రతా ఆదేశాన్ని ఆ రోజు భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదించింది. దాని ప్రకారం 2021 జూన్ 15 నుంచి టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్కుకు కొత్తగా తగిలించే ప్రతి పరికరమూ ‘విశ్వసనీయ మూలం’ నుంచి వచ్చినదై ఉండాలి. ఏది విశ్వసనీయమో తేల్చి ముహూర్తం పెట్టే పురోహితుడు జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త. జాతకాలు సమర్పించుకోవడానికి ప్రత్యేకంగా ఒక పోర్టల్ కూడా ఉంది. ఈ ఏర్పాటులోని సొగసంతా దాని మర్యాదలో ఉంది. ఇంత కట్టుదిట్టమైన ఆదేశాన్ని ప్రకటించినప్పుడు చైనా పేరు గానీ, అక్కడి టెలికాం పరికరాల కంపెనీలైన హువావే పేరు గానీ, జడ్‌టీఈ పేరు గానీ ఎవరి నోటా రాలేదు. వెనకటి ఇల్లాళ్లు భర్త పేరు పలకకుండా ‘ఆయన’, ‘మా వారు’, ‘అబ్బాయి నాన్న’ అంటూ ఒక జీవితకాలమంతా కాపురం నడిపినట్టే, మన ప్రభుత్వమూ ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతోందో ఆ పేరు తప్ప అన్నీ చెబుతుంది. అంతకుముందు జూలై 23న ప్రభుత్వ కొనుగోళ్ల నియమాలను సవరించినప్పుడు కూడా ‘భారతదేశంతో భూసరిహద్దు కలిగిన దేశాలు’ అనే అంది. నేపాల్, భూటాన్ లాంటి చుట్టాలు ఈ మాట విని నొచ్చుకోకుండా, మన అభివృద్ధి సాయం అందుకునే దేశాలకు ఈ షరతు వర్తించదని పక్కనే మరో వాక్యం కలిపింది. గల్వాన్ లోయలో 20 మంది మన సైనికులు మరణించి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. ఆ దుఃఖాన్నీ ఆ కోపాన్నీ ఎగతాళి చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ కోపం పెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఎంత జాగ్రత్తగా నడుచుకుందో అన్నదే ఈ వ్యాసం.

ఎంత జాగ్రత్తగా అంటే, అప్పటికే టవర్ల మీద కాపురం చేస్తున్న పాత పెట్టెలను తీసేయనక్కరలేదని ఆ ఆదేశంతోపాటే స్పష్టం చేశారు. వాటి నిర్వహణ ఒప్పందాలకూ అడ్డు లేదు. అంటే 2021 జూన్ 14న టవరెక్కిన పెట్టె ఇంటి కోడలు, జూన్ 16న ఎక్కబోయిన దాని కవల సోదరి దేశానికి ముప్పు. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు అల్పబుద్ధులు అనుకుంటారు గానీ, నేను అనుకోను. ఇంటికి వచ్చేసిన కోడలి గోత్రం గురించి ఎవరైనా మాట్లాడతారా? పైగా ఆమెను పుట్టింటికి పంపాలంటే పెట్టిన ఖర్చంతా మళ్లీ పెట్టాలి. భద్రత ముఖ్యమే గానీ, కంపెనీల అప్పుల పట్టికను చూడకుండా భద్రత గురించి మాట్లాడటం సంస్కారం కాదు.

గోత్రం సంగతి తెలుగువారికి మరొకరు చెప్పనక్కరలేదు. ఈ కథలో మన గోదావరి ఒడ్డుకూ ఒక అధ్యాయం దక్కింది. 2013 అక్టోబరులో రాజమండ్రి ప్రాంతంలో బీఎస్‌ఎన్‌ఎల్ నెట్‌వర్కులోకి హువావే చొరబడిందన్న ఆరోపణ పుట్టింది. ఆ సంగతి తమ దృష్టికి వచ్చిందనీ, విచారణకు కమిటీ వేశామనీ నాటి టెలికాం సహాయ మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కిల్లి కృపారాణి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటుకు తెలియజేశారు. హువావే ఆ ఆరోపణను తోసిపుచ్చింది. శత్రుదేశపు సైన్యం గోదావరి రైలు వంతెన మీదుగా మన ఫోన్లలోకి ప్రవేశించిందని భయపడటానికి మనం సిద్ధమవుతుండగానే పత్రికలు ఒక చిన్న వివరం బయటపెట్టాయి. బీఎస్‌ఎన్‌ఎల్ విస్తరణ పని జడ్‌టీఈకి దక్కడంతో వ్యాపారపు కడుపుమంట ఇందుకు కారణమై ఉండవచ్చునన్నది వాటి అనుమానం. హువావేదీ జడ్‌టీఈదీ ఒకే ఊరు, షెన్‌జెన్. ఆ అనుమానమే నిజమైతే, ఒకే సంతలోని రెండు కొట్లవాళ్లు తగవులాడుకోవడానికి మన రాజమండ్రి దాకా వచ్చారన్నమాట. ఇద్దరిదీ ఒకే గోత్రం కాబట్టి గోత్రం చూసినందువల్ల ఆ తగవు తేలేది కాదు గదా అని ఎవరైనా అడిగితే, అటువంటి ప్రశ్నలు పెళ్లి పందిట్లో అడగకూడదని నా మనవి.

పెట్టె మూత తీసి లోపల చూద్దామన్న ఆలోచన మన దేశానికి ఎన్నడూ రాలేదని కాదు. ఒకసారి వచ్చింది. 2010 జూలైలో టెలికాం శాఖ కొత్త లైసెన్సు షరతులు పెట్టి, పరికరాల సోర్స్ కోడ్‌ను, అంటే వాటిని నడిపే ప్రోగ్రాము అసలు రాతను, మధ్యవర్తి దగ్గర తాళం వేసి దాచాలనీ, అవసరమైతే తెరిచి పరీక్షిస్తామనీ అంది. అమెరికా, ఐరోపా, జపాన్ పరిశ్రమ సంఘాలు ఒక్కసారిగా గగ్గోలు పెట్టాయి. ఇది వ్యాపార రహస్యం, మేధోసంపత్తి, స్వేచ్ఛా వాణిజ్యానికి గొడ్డలిపెట్టు అన్నాయి. మనవాళ్లు 2011 మే నాటికి ఆ షరతును సడలించారు. అమ్మాయిని చూపించండి అంటే ‘మా కుటుంబ గౌరవం ఏమవుతుంది, ఫోటో చూసి తాళి కట్టండి’ అన్నారన్నమాట. ఆ తర్వాత 2012 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్వదేశీ ఎలక్ట్రానిక్ వస్తువులకు ప్రాధాన్యమిచ్చే విధానం తెచ్చి, భద్రతతో ముడిపడిన పరికరాల విషయంలో ప్రైవేటు కంపెనీలనూ దాని కిందికి తీసుకురావాలనుకుంది. భద్రత పేరు చెప్పి వాణిజ్యాన్ని అడ్డుకోవడం అన్యాయమని అమెరికా మనకు హితబోధ చేసింది. 2013 జూలైలో ప్రధాని కార్యాలయం ఆ భాగాన్ని పక్కన పెట్టించింది. ఈ రెండు సంఘటనలకూ నడుమ, 2012 అక్టోబరులో, అమెరికా ప్రతినిధుల సభ గూఢచార సంఘం ఒక నివేదిక వెలువరించింది. హువావే, జడ్‌టీఈ పరికరాలు కొనడం జాతీయ భద్రతకు ప్రమాదమని దాని సారాంశం. ఒకే నోటితో ఏకకాలంలో మంత్రం చదవడమూ ఊదడమూ సాధ్యమని నిరూపించిన ఆ దేశాన్ని గురువుగా స్వీకరించడానికి నాకెటువంటి అభ్యంతరమూ లేదు.

గురువుగారి దగ్గర నేర్చుకోవలసిన రెండో పాఠం, జాతీయ భద్రతకు ధర కట్టే విద్య. ఇరాన్, ఉత్తర కొరియా ఆంక్షల కేసులో ఇచ్చిన మాట తప్పిందని 2018 ఏప్రిల్‌లో అమెరికా వాణిజ్య శాఖ జడ్‌టీఈకి అమెరికన్ విడిభాగాలు అందకుండా చేసింది. కంపెనీ దాదాపు మూతపడింది. అప్పుడు అధ్యక్షుడు ట్రంప్ చైనాలో చాలా ఉద్యోగాలు పోతున్నాయని ట్విటర్‌లో కలతపడ్డారు. అమెరికా అధ్యక్షుడికి చైనా కార్మికుల మీద అంతటి వాత్సల్యం పుట్టడం చరిత్రలో అరుదైన ఘట్టం. జూన్‌లో 100 కోట్ల డాలర్ల జరిమానా, దానిపైన హామీగా మరో 40 కోట్ల డాలర్లు కట్టించుకొని, యాజమాన్యాన్ని మార్పించి, జూలైలో నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది డిసెంబరు 1న హువావే వ్యవస్థాపకుడి కుమార్తె మెంగ్ వాన్‌జౌను కెనడాలోని వాంకూవర్‌లో అమెరికా కోరిక మీద అరెస్టు చేశారు. పది రోజులకే, చైనాతో మంచి వాణిజ్య ఒప్పందం కుదిరేటట్టయితే ఈ కేసులో తాను తప్పకుండా జోక్యం చేసుకుంటానని అధ్యక్షుడే విలేకరులకు చెప్పారు. ముప్పు అంటే ముప్పే, కాకపోతే బేరం కుదిరితే తగ్గే ముప్పు. మన సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టి, తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకుంటారు. అక్కడ తువ్వాలు కూడా లేకుండా బాహాటంగా తేల్చుకున్నారు. పారదర్శకత అంటే ఇదే.

మూడో పాఠం, ఎదుటివాడు చేస్తాడేమోనని భయపడే పనిని ముందుగా మనమే చేసి చూడటం. అమెరికా గూఢచర్య రహస్యాలను లోకానికి చెప్పిన స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా 2014 మార్చిలో వచ్చిన కథనాల ప్రకారం, అమెరికా జాతీయ భద్రతా సంస్థ ‘షాట్‌జైంట్’ అనే పేరుతో షెన్‌జెన్‌లోని హువావే సర్వర్లలోకి చొరబడింది. ఆ కంపెనీకి చైనా సైన్యంతో సంబంధం ఉందా అని వెతకడం ఒక ఉద్దేశమట. దాని పెట్టెలు కొన్న ఇతర దేశాల మాటలు ఆ పెట్టెల ద్వారానే వినడం రెండో ఉద్దేశమట. ఇంకో రెండు నెలలకు మరో పత్రం వచ్చింది. విదేశాలకు పంపిన అమెరికన్ రూటర్ల పార్సిళ్లను దారిలో ఆపి, పెట్టె విప్పి, లోపల తమ సరంజామా అమర్చి, మళ్లీ అంతే చక్కగా అతికించి పంపేవారని అందులో ఉంది. రూటర్లు చేసే అమెరికన్ కంపెనీ సిస్కో పేరున్న అట్టపెట్టెను విప్పుతున్న ఫోటో కూడా ఉంది. ఆ కంపెనీ అధిపతి నాటి అధ్యక్షుడు ఒబామాకు ఉత్తరం రాసి మొరపెట్టుకున్నారు. పెట్టెలోకి దొంగచాటుగా దూరే దొడ్డితలుపు పెట్టించింది అత్తవారా, పుట్టింటివారా, దారిలో బండి తోలినవాడా అన్నది గోత్రంలో రాసి ఉండదని దీనివల్ల తెలుస్తోంది. అయినా నేను గోత్రాన్ని వదలను. వదిలితే పెట్టె విప్పడం నేర్చుకోవాలి, అది చాలా శ్రమ.

తటస్థ గోత్రం ఉన్నవారు క్షేమం గదా అనే అమాయకుల కోసం స్విట్జర్లాండ్ కథ చెబుతాను. రహస్య సందేశాలు పంపుకొనే యంత్రాలను క్రిప్టో ఏజీ అనే స్విస్ కంపెనీ వందకు పైగా దేశాలకు అమ్మింది. మంచుకొండలు, గడియారాలు, తటస్థత, అంతకంటె మంచి వంశం ఎక్కడ దొరుకుతుంది? ఆ కంపెనీకి 1970 నుంచి రహస్య యజమానులు అమెరికా సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థ అని 2020 ఫిబ్రవరిలో బయటపడింది. కొనుగోలుదారుల జాబితాలో భారతదేశమూ ఉంది, పాకిస్తానూ ఉంది. మనకూ వాళ్లకూ మధ్య దేనిలోనూ ఏకాభిప్రాయం కుదరదని వాపోయేవారు ఈ ఒక్క కొనుగోలును గుర్తుంచుకోవాలి.

ఐరోపాలో జరిగినది వింటే వాణిజ్యశాస్త్రం చదువుకున్నవారికి కళ్లు తిరుగుతాయి. చైనా కంపెనీలు ప్రభుత్వ రాయితీలతో, చవక అప్పులతో ధరలు తెగ్గోస్తున్నాయని, ఇది న్యాయమైన పోటీ కాదని 2013 మేలో ఐరోపా సంఘం తనంతట తానే విచారణకు సిద్ధపడింది. నిజానికి ఆ అనుమానంలో బలముంది. పెట్టె అమ్మి, ఆ పెట్టె కొనడానికి అప్పు కూడా తమ దేశపు బ్యాంకు చేతనే ఇప్పించే వ్యాపారితో మామూలు వ్యాపారి ఎలా పోటీ పడతాడు? ఆ బాధితులెవరయ్యా అంటే స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్, ఫిన్లాండ్‌కు చెందిన నోకియా తదితరులు. బాధితులు మాత్రం ఫిర్యాదు చేయడానికి ముందుకు రాలేదు. చైనాలో వాళ్లకూ అంగళ్లున్నాయి. దొంగతనం జరిగిందని పోలీసులు మొత్తుకుంటుంటే ‘అబ్బే, మా ఇంట్లో ఏమీ పోలేదు’ అని ఇంటాయన తలుపు వేసుకున్నట్టయింది. 2014 అక్టోబరులో రాజీతో అది ముగిసింది. 2020 అక్టోబరులో స్వీడన్ తన 5జీ నుంచి హువావేను వెలివేసినప్పుడు, ఆ నిషేధం వద్దని స్వీడన్ ప్రభుత్వం వెంటపడి బతిమాలినవాడు ఎవరనుకుంటున్నారు? హువావే ప్రత్యర్థి ఎరిక్సన్ అధిపతే. ఆయన భయం వట్టిది కాదని తర్వాత తేలింది. 2021లో ‘చైనా మొబైల్’ అనే అక్కడి టెలికాం సంస్థ 5జీ టెండరులో ఎరిక్సన్ వాటా అంతకుముందున్న 11 శాతం నుంచి సుమారు 2 శాతానికి పడిపోయింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి అంతర్జాతీయ వేదికల మీద ఉపన్యాసాలిచ్చే చైనా, తన అంగడి దగ్గర గోత్రం అడగడంలో ఎవరికీ తీసిపోదు. 2018లో ఆస్ట్రేలియా విధించిన 5జీ నిషేధాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రశ్నించిన ఆ దేశంలోనే గూగుల్ తెరుచుకోదు, ఫేస్‌బుక్ తెరుచుకోదు. పైగా 2017 నాటి చైనా గూఢచార చట్టం ఏడో అధికరణ ప్రకారం అక్కడి సంస్థలూ పౌరులూ ప్రభుత్వ గూఢచర్యానికి సహకరించి తీరాలి. కాబట్టి అనుమానం నిరాధారం కాదు. అటువంటి చట్టం తమ దగ్గర వేరే పేరుతో ఉన్న దేశాలు ఎంత గట్టిగా అనుమానిస్తున్నాయో చూస్తే, ఆ అనుమానానికి స్వానుభవం తోడైందని కూడా తెలుస్తుంది.

పెట్టె విప్పిన ఘనత బ్రిటన్‌ది. 2010లో బాన్‌బరీ అనే చిన్న పట్టణంలో ఒక కేంద్రం పెట్టారు. దాని ఖర్చూ జీతాలూ హువావేవి, పర్యవేక్షణ బ్రిటిష్ గూఢచార సంస్థది. మామగారి ఖర్చుతో అల్లుడి నడవడిక మీద విచారణ జరిపించడం లాంటిది. ఏళ్ల తరబడి ఆ కోడ్ చదివిన నిపుణులు 2019 నివేదికలో చెప్పింది ఏమిటంటే, లోపాలున్నాయి, పని నాసిరకంగా ఉంది, అయితే ఆ లోపాలు చైనా ప్రభుత్వం కావాలని పెట్టించినవని తాము అనుకోవడం లేదని. అంటే దొడ్డితలుపు పెట్టలేదు, వీధితలుపుకే గొళ్లెం సరిగా బిగించలేదు. 2020 జనవరిలో బ్రిటన్ తన 5జీలో హువావేకు 35 శాతం పరిమితి పెట్టి రమ్మంది. జూలైలో 2027 చివరికల్లా 5జీలో దాని పెట్టె ఒక్కటి కూడా మిగలకూడదంది. ఈ ఆరు నెలల్లో మనసు మార్చింది బాన్‌బరీలో దొరికినదేదో కాదు. మారినది వాషింగ్టన్. చిప్పుల మీద అమెరికా కొత్త ఆంక్షలు పెట్టింది గనుక ఇకపై ఆ పెట్టెల్లో ఏ చిప్పులు వస్తాయో పూచీ పడలేమని బ్రిటన్ వివరణ ఇచ్చింది. పదేళ్లు పెట్టె లోపల చూసినవాడు చివరికి పెట్టె బయట చూసి తీర్పు చెప్పాడు. నా సిద్ధాంతానికి ఇంతకంటె గొప్ప ఆమోదం ఉండబోదు.

ఇంత కట్టుదిట్టం చేసిన తర్వాత దొంగలు ఎటునుంచి వస్తారో చూద్దాం. అమెరికా 2020 మార్చిలో చట్టం చేసి, పల్లెల్లోని చిన్న టెలికాం కంపెనీల చేత చైనా పెట్టెలను పీకించడం మొదలుపెట్టింది. ఆ కంపెనీలు చవకగా దొరికాయని కొన్న సామాను అది. ప్రభుత్వం 190 కోట్ల డాలర్లు కేటాయిస్తే, లెక్క చూసేసరికి 498 కోట్లు కావాలని తేలింది. మిగతా 308 కోట్లకు 2024 డిసెంబరు దాకా దారి దొరకలేదు. సరిగ్గా అదే 2024లో, చైనాకు చెందినదని అమెరికా చెబుతున్న ‘సాల్ట్ టైఫూన్’ అనే హ్యాకర్ల బృందం అమెరికా టెలికాం కంపెనీల్లో తిష్ఠ వేసిందని బయటపడింది. ఏటీ అండ్ టీ, వెరిజాన్ లాంటి మహా సంస్థలు అందులో ఉన్నాయి. చొరబాటుకు చైనా పెట్టె అవసరం పడలేదు. దొరికిన దారుల్లో సకాలంలో మరమ్మతు చేయని రూటర్లు ఉన్నాయి, పోలీసులు కోర్టు ఉత్తర్వుతో ఫోన్లు వినడానికి చట్టప్రకారం అమర్చుకున్న ఏర్పాటూ ఉంది. ఇరవై ఏళ్ల కిందట గ్రీసులోనూ ఇదే జరిగింది. 2004, 2005 సంవత్సరాల్లో ఆ దేశ ప్రధాని సహా వంద మంది ఫోన్లను ఎవరో విన్నారు, ఎరిక్సన్ స్విచ్‌లలో ప్రభుత్వం కోసమే ఉంచిన ఆ సదుపాయాన్ని వాడుకొని. యజమాని కోసం చేయించిన మారుతాళం దొంగకు కూడా సరిపోతుందని తెలుసుకోవడానికి టెలికాం ఇంజనీరు కానక్కరలేదు. 2024 డిసెంబరులో అమెరికా అధికారులు తమ ప్రజలకు మాటలను ఇతరులకు అర్థం కాకుండా గుప్తంగా మార్చే ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడుకోమని సలహా ఇచ్చారు. అటువంటి యాప్‌ల వల్ల నేరగాళ్లు దొరకడం లేదని ఏళ్ల తరబడి వాపోయినవారూ ఆ అధికారుల్లో ఉన్నారు.

న్యాయం కావాలనుకున్న వ్యాపారి ఎక్కడికి వెళ్లాలి? దేశాల మధ్య వాణిజ్యానికి నియమాలు పెట్టిన 1947 నాటి గాట్ ఒప్పందంలో 21వ అధికరణ ఉంది. తన భద్రతకు అవసరమని ఒక దేశం ‘భావించిన’ చర్యలకు ఒప్పందం అడ్డురాదని దాని భావం. భావించడం అన్నది ఎవరి మనసులో జరిగే పని కాబట్టి, దాన్ని మరొకరు తనిఖీ చేయరాదని అమెరికా వాదన. 2019లో రష్యా, ఉక్రెయిన్ రవాణా కేసులో ప్రపంచ వాణిజ్య సంస్థ మొదటిసారి ఈ అధికరణను వ్యాఖ్యానిస్తూ, తనిఖీ చేయవచ్చునంది. ఆ తీర్పు వచ్చిన ఏడాది డిసెంబరులోనే పైకోర్టు వంటి అప్పీలు మండలి పడకేసింది, కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో. ఈ సౌకర్యాన్ని మనమూ వాడుకున్నాం. మొబైల్ ఫోన్ల మీద, ఇతర సాంకేతిక సామగ్రి మీద మన దిగుమతి సుంకాలు నియమ విరుద్ధమని ఐరోపా సంఘం, జపాన్, తైవాన్ పెట్టిన కేసుల్లో 2023లో మనకు వ్యతిరేకంగా తీర్పులు వచ్చాయి. ఐరోపా సంఘం, జపాన్ కేసుల్లో మనం అప్పీలుకు వెళ్లాం. న్యాయమూర్తులు లేని కోర్టులో అప్పీలు వేస్తే ఓడిపోయే ప్రమాదం బొత్తిగా ఉండదు. మన తాతలు సివిల్ దావాల్లో మూడు తరాలు గడిపి సంపాదించిన జ్ఞానం వృథా పోలేదు.

స్వదేశీ మార్గం ఒక్కటే శరణ్యమని అనేవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 2020 జూలైలో బీఎస్‌ఎన్‌ఎల్ తన 4జీ టెండరును రద్దు చేసుకొని స్వదేశీ పరికరాల కోసం ఎదురుచూసింది. టీసీఎస్, తేజస్ కంపెనీలు, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ కలిసి శ్రమించి తయారు చేశాయి. ఇది నిజంగా మెచ్చుకోదగిన పని. 4జీ వ్యవస్థను సొంతంగా కట్టుకోగల దేశాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. 2025 సెప్టెంబరు 27న 97,500కు పైగా టవర్లతో ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. జియో తన 4జీ ప్రారంభించింది 2016 సెప్టెంబరులో. ఈ తొమ్మిదేళ్లలో బీఎస్‌ఎన్‌ఎల్‌ను వదలని చందాదారులు అనుభవించిన భద్రత ఇంకెవరికీ దక్కలేదు. కలవని ఫోన్‌లో మాటను ఏ దేశపు గూఢచారి వినగలడు? సిగ్నల్ కోసం ఏజెన్సీలో గుట్టెక్కి, చెట్టెక్కి చెయ్యి పైకెత్తిన గిరిజన యువకుడు దేశంలోకెల్లా సురక్షితమైన నెట్‌వర్కులో ఉన్నాడని ఎవరూ అతడికి చెప్పకపోవడం విచారకరం.

ఇక టవర్ మీది పెట్టెను వదిలి మన జేబులోకి వద్దాం. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో షావోమీ తన మొదటి ‘మేడ్ ఇన్ ఇండియా’ ఫోన్‌ను విడుదల చేసింది. తయారైనది శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. అప్పటి నుంచి మన ఇళ్లలో చైనా బ్రాండ్ల ఫోన్లు నట్టింటి పిల్లల్లా తిరుగుతున్నాయి. ఊరవతల గుట్ట మీద ఉండే పెట్టెకు చెవులు మాత్రమే ఉండవచ్చునని అనుమానం. దిండు పక్కన పడుకునే ఫోన్‌కు చెవులున్నాయి, కళ్లున్నాయి, మన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, మనం ఎవరితో ఎంతసేపు మాట్లాడిందీ అన్నీ తెలుసు. నెట్‌వర్కు అంటే దేశానికి వెన్నెముక గాబట్టి దాన్ని వేరుగా చూడాలని నిపుణులు చెబుతారు. ఒప్పుకుంటాను. అయితే ఆ మాట చెప్పిన నిపుణుడే ఒకాయన నాకు ఆ సంగతిని వాట్సాప్‌లో పంపగా, నేను ఆయన ఫోన్ ఏ కంపెనీదని అడిగాను. ‘కెమెరా బాగుంటుందని మా అమ్మాయి కొనిపెట్టిందండీ’ అన్నారు. గోత్రం కలవకపోయినా పిల్లలు ఇష్టపడ్డారంటే పెద్దలు ఏం చేయగలరు?

ఇన్ని విషయాలు చదివిన తర్వాత నా ఇంటి భద్రత నేను చూసుకోవాలనిపించింది. ఇంటర్నెట్ పెట్టె పాడైందని ఫోన్ చేస్తే, మూడో రోజు ఒక కుర్రవాడు కొత్తది తెచ్చి గోడకు బిగించాడు. నేను కళ్లద్దాలు తుడుచుకొని, ఆ పెట్టెను తిరగేసి అడుగున అంటించిన కాగితం చదివాను. పేరు ఒక దేశానిది, రూపకల్పన ఇంకో దేశానిది, చిప్పు ఎక్కడిదో రాయలేదు, బిగింపు మాత్రం భారతదేశంలోనే జరిగిందని పెద్ద అక్షరాలతో ఉంది.

“బాబూ, ఇది నమ్మకమైన కంపెనీదేనా?” అన్నాను.

“ఫుల్ సేఫ్ సార్, గవర్నమెంటు అప్రూవ్డ్,” అని, గోడ మీది వేంకటేశ్వరస్వామి క్యాలెండరు మూల మీద బాల్ పెన్నుతో పాస్‌వర్డ్ రాసిచ్చాడు. అడ్మిన్, దాని పక్కన ఒకటి రెండు మూడు.

“ఇది మార్చుకోవాలి గదా?”

“ఎందుకు సార్, మీ వీధి మొత్తానికీ ఇదే పెట్టాం. ఎవరైనా మర్చిపోతే పక్కింట్లో అడిగి తెలుసుకోవచ్చు.”